తలంటులో మనం వదిలేసిన సగం

కుంకుడుకాయలు మానేసి షాంపూకు మారినప్పుడు మన ఇళ్ళలో తలంటు సగమే మారింది. మురికి వదిలించే సగానికి కొత్త సరుకు దొరికింది. జుట్టును మెత్తబరిచి, చిక్కుపడకుండా చూసే రెండో సగం ఎవరూ గమనించకుండానే జారిపోయింది. ఆ లోటు తీర్చగలిగిన వస్తువు కండిషనర్. దాన్ని సోకుగా, డబ్బు దండగగా చూసే అలవాటు ప్రవాస తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ బలంగా ఉంది. స్నానాల గదిలో మూడు రకాల షాంపూలు, అల్మారాలో కొబ్బరినూనె, ఆదివారం పిల్లకు చిక్కు తీసేటప్పుడు ఏడుపులు. నాకు తెలిసిన ఎన్నో ఇళ్ళలో ఇదే పరిస్థితి. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

“మా అమ్మమ్మ కండిషనర్ వాడిందా? ఆమె జడ మోకాళ్ళ దాకా ఉండేది” అనే మాట ఈ ప్రస్తావన రాగానే వస్తుంది. అందుకే అమ్మమ్మ ఏం చేసేదో వివరంగా గుర్తుచేసుకోవాలి. తలంటుకు ముందు మాడుకూ జుట్టుకూ నూనె పట్టించేది. కుంకుడుకాయలు చితక్కొట్టి వేడినీళ్ళలో పిసికి తీసిన రసంలో సాపోనిన్లు ఉంటాయి, అవే నురుగు తెప్పించి మురికిని, జిడ్డును వదిలిస్తాయి. అయితే ఆ రసం ఒక్కటే పోసుకుంటే జుట్టు గడ్డిలా అవుతుందని ఆమెకు తెలుసు. అందుకే అందులో మందారాకు నలిపి కలిపేది. మెంతులు నానబెట్టి రుబ్బి పెట్టేది. కొన్ని ఇళ్ళలో సీకాయపొడిని గంజిలోనే కలిపేవారు. మందారాకులోనూ మెంతుల్లోనూ ఉండే జిగురు, గంజిలోని పిండిపదార్థం వెంట్రుక మీద పలచని పొరగా నిలిచి, వేళ్ళు జారేలా చేస్తాయి. ఆ తర్వాత సాంబ్రాణి ధూపం వేసి, నిదానంగా ఆరబెట్టి, చివరకు దువ్వెన అందుకునేది. అమ్మమ్మ కండిషనర్ వాడిందనే నేనంటాను.

1980లలో తమిళనాడులోని కడలూరు ప్రాంతం నుంచి మొదలైన సాచెట్ల వ్యాపారం దక్షిణాది కిరాణా కొట్లన్నింటి ముందూ షాంపూ పొట్లాల దండలు వేలాడదీసింది. తలంటు పది నిమిషాల పని అయిపోయింది. దానివల్ల ఆడవాళ్ళకు కలిసివచ్చిన సమయం తక్కువది కాదు, కుంకుడు రసం కళ్ళలో పడి పిల్లలు పడిన బాధా తప్పింది. షాంపూ మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆ పొట్లంతో పాటు మందారాకు రాలేదు, గంజి రాలేదు. శుభ్రపడి, బరుసెక్కి, చిక్కుపడిన తడి జుట్టు మాత్రం దువ్వెనకు చిక్కింది.

జుట్టు చిక్కెందుకు పడుతుందో అర్థమైతే మిగతాదంతా తేలిక. వెంట్రుక పైపొర ఒకదానిమీద ఒకటి పరిచిన పెంకుల్లాంటి సన్నని పొలుసులతో తయారై ఉంటుంది. ఆ పొలుసుల అంచులన్నీ కొసవైపే చూస్తుంటాయి. కుదురు నుంచి కొసకు వేలితో నిమిరితే నున్నగా, కొస నుంచి కుదురుకు నిమిరితే గరుకుగా తగలడానికి కారణం ఇదే.

ఈ దిశ విలువ ఎంతో తెలియాలంటే తిరుమల వెళ్ళాలి. కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను పొడవును బట్టి రకాలుగా విడదీసి టీటీడీ వేలం వేస్తుంది. అక్కడి పొడవాటి జుట్టుకు విగ్గుల వ్యాపారంలో అంత గిరాకీ ఉండటానికి ముఖ్యకారణం, కుదుళ్ళన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు ఉండేలా కట్టలుగా తీయడానికి వీలుకావడమే. పొలుసులన్నీ ఒకే దిక్కున ఉన్న జుట్టు తేలిగ్గా చిక్కుపడదు. అమెరికా దుకాణాల్లో ‘రెమీ’ పేరుతో ఎక్కువ ధర పలికేది ఇలాంటి జుట్టే. ఇక మన ఊళ్ళలో వీధి వీధీ తిరిగి స్టీలు గిన్నెలిచ్చి చిక్కు వెంట్రుకలు కొనుక్కుపోయేవాళ్ళు గుర్తున్నారా? దువ్వెనకు రాలిన ఆ వెంట్రుకల్లో కుదుళ్ళూ కొసలూ కలిసిపోయి ఉంటాయి. పొలుసులు ఎదురెదురుగా రాసుకుని ఉండలు కడతాయి. చౌక విగ్గులు చేసేవాళ్ళు ఆ పొలుసులనే ఆమ్లంతో కరిగించి, పైన సిలికాన్ పూత వేసి అమ్ముతారు. కొన్నాళ్ళకు పూత పోగానే ఆ విగ్గు పీచులా మారుతుంది.

మన తలమీద ఉన్న జుట్టుకూ ఇదే సూత్రం. ఎండ, దువ్వెన, హెయిర్ డ్రయ్యర్, రంగులు కలిసి పొలుసుల అంచులను రేగగొడతాయి. పైన సహజంగా ఉండే సన్నని కొవ్వుపొర కరిగిపోతుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పైచిలుకు పెరిగే జుట్టు నడుము దాకా వచ్చిందంటే, ఆ కొసల వయసు నాలుగైదేళ్ళు. అన్నేళ్ళ ఎండనూ స్నానాలనూ చూసిన కొసలను, నిన్న మొలిచిన కుదుళ్ళను ఒకేలా చూసుకుంటే ఎలా కుదురుతుంది?

“పూసి రెండు నిమిషాల్లో కడిగేసే దానివల్ల ఏం మిగులుతుంది?” అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. తడిసిన వెంట్రుక ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. దెబ్బతిన్న చోట అది ఇంకా ఎక్కువ. కండిషనర్‌లోని ముఖ్య పదార్థాలకు ధనావేశం ఉంటుంది. అవి వెళ్ళి వెంట్రుకకు అతుక్కుంటాయి, దెబ్బతిన్న చోట మరీ ఎక్కువగా అతుక్కుంటాయి. మిగులు నీళ్ళతో కొట్టుకుపోతుంది, పనిచేసేది నిలిచిపోతుంది. చలికాలంలో హీటర్లు నడిచే పొడి గదుల్లో, ఉన్ని టోపీ తీయగానే వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం చూస్తుంటాం కదా, దాన్ని తగ్గించేదీ ఈ పొరే.

వాడే తీరు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. షాంపూ మాడుకు, కండిషనర్ కొసలకు. ఈ ఒక్కటి పాటించినా సగం ఫిర్యాదులు పోతాయి. నూనె మర్దనా చేసినట్టు కండిషనర్‌ను నడినెత్తిన వేసి రుద్దితే జుట్టు మాడుకు అంటుకుపోయి జిడ్డుగా కనిపిస్తుంది, అప్పుడు “నాకు పడలేదు” అని సీసా పక్కన పెట్టేస్తారు. షాంపూ కడిగాక జుట్టును రెండు చేతులతో నొక్కి నీళ్ళు పిండేయాలి. నీళ్ళు కారుతున్న జుట్టుకు రాస్తే అంతా పలచబడి జారిపోతుంది. భుజాల దాకా ఉన్న జుట్టుకు ఉసిరికాయంత, నడుము దాటితే నిమ్మకాయంత చాలు. చెవుల కింద నుంచి మొదలుపెట్టి, కొసలకు ఎక్కువగా పట్టించాలి. అలా ఉండగానే వేళ్ళతో, తర్వాత పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వస్తూ చిక్కు తీయాలి. తడి జుట్టు ఎక్కువగా సాగి తేలిగ్గా తెగుతుంది కాబట్టి, కండిషనర్ లేకుండా తడి తలను దువ్వడం జుట్టును చేతులారా తెంపుకోవడమే. ఒకటి రెండు నిమిషాలుంచితే చాలు. కడిగేటప్పుడు తల పక్కకు వంచి కడగండి, లేకపోతే వీపు మీద, నుదుటి మీద మిగిలిపోయి కొందరికి మొటిమలు వస్తాయి. ఆ తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్దండి.

మరి కొబ్బరినూనె? ఉండాల్సిందే, కానీ తలస్నానానికి ముందు. 2003లో మారికో సంస్థ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, కొబ్బరినూనె పట్టించిన జుట్టు ప్రొటీన్‌ను తక్కువగా కోల్పోయింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేకపోయాయి. ఆ సంస్థ కొబ్బరినూనె అమ్మేదే. అయినా దాని వెనుక ఉన్న కారణం అర్థవంతమైనది: కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది కాబట్టి వెంట్రుక లోపలికి చేరగలుగుతుంది. స్నానం తర్వాత చిక్కు తీయడంలో నూనె కండిషనర్‌కు సాటిరాదు. చుండ్రు ఎక్కువగా ఉన్నవాళ్ళు మాడుకు నూనె పెట్టడం తగ్గించాలి. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే శిలీంధ్రానికి కొవ్వే ఆహారం.

“కండిషనర్ వాడినప్పటి నుంచి జుట్టు రాలుతోంది” అనే భయం గురించి కూడా చెప్పాలి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. వారానికి ఒకసారి తలస్నానం చేస్తే, అన్నాళ్ళుగా ఊడి జుట్టులోనే చిక్కుకున్నవన్నీ కండిషనర్ జారుడుకు ఒక్కసారిగా చేతికి వస్తాయి. అవి అంతకు ముందే ఊడినవి. రాలడానికీ తెగడానికీ తేడా కూడా చూసుకోండి. చివర తెల్లని చిన్న బుడిపె ఉంటే కుదురు నుంచి రాలినట్టు. బుడిపె లేని పొట్టి ముక్కలైతే మధ్యలో తెగినట్టు. కండిషనర్ ఆపగలిగేది రెండోదాన్నే. వెంట్రుక ప్రాణం లేని పదార్థం కాబట్టి చిట్లిన కొసలను ఏ సీసా అయినా అతికించలేదు, కత్తెర ఒక్కటే దారి. అమెరికాకు చదువుకోవడానికి వచ్చిన పిల్లలు మూడో నెలలో దోసిళ్ళకొద్దీ జుట్టు రాలుతోందని నీళ్ళను తిట్టుకుంటూ ఉంటారు. తీవ్రమైన ఒత్తిడి, జ్వరం, సరైన తిండి లేకపోవడం వంటివాటి ప్రభావం జుట్టు మీద కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వాళ్ళకు కావలసింది కడుపునిండా భోజనం, నిద్ర, తగ్గకపోతే డాక్టరు సలహాతో ఐరన్, థైరాయిడ్ పరీక్షలు.

నీళ్ళ పాత్ర అసలు లేదని కాదు. ఫీనిక్స్, సాన్ ఆంటోనియోలలో నీళ్ళు బాగా కఠినం, సియాటిల్‌లో మృదువు. హైదరాబాదు బోరునీళ్ళతో పెరిగినవాళ్ళకు ఆ తేడా కొత్త కాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు జుట్టు మీద పేరుకుని గరుకుదనాన్ని పెంచుతాయి. అలాంటి ఊళ్ళలో ఉండేవాళ్ళు అప్పుడప్పుడు ఆ లవణాలను పట్టి వదిలించే ఈడీటీఏ అనే పదార్థం ఉన్న షాంపూ వాడి, ఆ వెంటనే కండిషనర్ పెట్టుకోవడం మేలు.

సీసా వెనుక పేర్లు చూసి కూడా కంగారుపడనక్కరలేదు. సెటైల్ ఆల్కహాల్, సీటియరిల్ ఆల్కహాల్ అనేవి మెత్తబరిచే కొవ్వు పదార్థాలు, జుట్టును ఎండబెట్టేవి కావు. వాటితో పాటు, ఇందాక చెప్పిన ధనావేశం ఉన్న పదార్థం, అంటే బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ వంటిది, జాబితా మొదట్లో కనిపిస్తే, చవక సీసా కూడా చక్కగా పనిచేస్తుంది. ముప్పై డాలర్లు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఉంగరాల జుట్టున్న ఆడపిల్లల సంగతి. పొలుసులు అతి తేలిగ్గా రేగేది, కండిషనర్ అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నదీ వాళ్ళ జుట్టుకే. దాన్ని పొడిగా ఉన్నప్పుడు సన్నపళ్ళ దువ్వెనతో లాగి, అది పీచులా లేచాక “నీది చింపిరి జుట్టు” అంటాం. బంధువుల ముందు కూడా అంటాం. పదమూడేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల జుట్టు సాఫు చేసే రసాయనాలు కావాలని అడుగుతుంది. వాటిలో కొన్నిటి నుంచి ఫార్మాల్డిహైడ్ విడుదలవుతుంది. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ఇలాంటి రసాయనాలను తరచుగా వాడిన స్త్రీలలో గర్భాశయ కాన్సర్ ఎక్కువగా కనిపించింది. అది కారణమని తేల్చడానికి మరిన్ని పరిశోధనలు కావాలి. కానీ పెరిగే పిల్ల తలకు అలాంటిది పట్టించే ముందు, తడి జుట్టుకు దండిగా కండిషనర్ రాసి, అది ఉండగానే చిక్కు తీసి, ఇక దువ్వకుండా ఆరనిచ్చి చూడండి. రెండు నెలలు ఓపిక పట్టండి. ఆ ఉంగరాల అందం మీకే తెలుస్తుంది. ఈ పని అమ్మకే వదలకండి, నాన్నలకూ చేతులున్నాయి.

ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది, దసరా కార్యక్రమాలకు కూచిపూడి ప్రదర్శించే పిల్లలను తయారుచేసే గదిలో నేను చాలాసార్లు సాయం చేశాను. జెల్, స్ప్రే, సవరం, గుప్పెడు పిన్నులు, బిగించి లాగిన జడ. పిల్ల నొసలు పైకి లాగేంత బిగువు పదేపదే పడితే నుదుటి దగ్గర కుదుళ్ళు శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి గురువులను ఒక మాట అడిగి కొంచెం వదులు చేయించండి. ప్రదర్శన అయ్యాక, ఇంటికి వెళ్ళే తొందరలో ఆ పిన్నులను పొడి జుట్టులోంచి పీకేయడం చూస్తే నాకు మనసు ఆగదు. స్ప్రేతో గట్టిపడిన జుట్టుకు నీళ్ళు చేర్చకముందే కండిషనర్ రాసి ఐదు నిమిషాలాగితే పిన్నులు వాటంతట అవే జారివస్తాయి, తర్వాత షాంపూ చేయవచ్చు. ఈసారి కార్యవర్గం తల్లిదండ్రులకు పంపే సామాన్ల జాబితాలో గజ్జెలు, సవరం, పిన్నుల పక్కనే ఒక చిన్న కండిషనర్ సీసా, ఒక పెద్ద పళ్ళ దువ్వెన కూడా చేర్చాలని కోరుతున్నాను.