నవ్వు చాటున దాచిన ఆధారం

తేలికైన హాస్యంతో సాగే అపరాధ పరిశోధన కథలను రైల్లో చదివి మరచిపోయే కాలక్షేపంగా లెక్కకట్టడం మన సాహిత్యాభిమానులకు పాత అలవాటు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కోసం అద్దె పుస్తకాల దుకాణాల చుట్టూ తిరిగిన తరం కూడా ఆ నవలలను పాఠ్యపుస్తకాల మధ్య దాచుకుని చదివిందే కానీ, వాటి వెనుక ఉన్న పనితనాన్ని గురించి సభల్లో మాట్లాడింది తక్కువ.

ఇంగ్లీషులో కోజీ మిస్టరీ అని పిలిచే ఈ కథల్లో రక్తపాతం పాఠకుడి కళ్ల ముందు జరగదు. అందరూ అందరినీ ఎరిగిన చిన్న లోకంలో నేరం జరుగుతుంది, దాని గుట్టు విప్పేది కూడా సాధారణంగా ఆ లోకంలోని మనిషే. అగాథా క్రిస్టీ 1930లో తొలిసారి నవలకు ఎక్కించిన మిస్ మార్పుల్, తన పల్లెలో చూసిన మనుషుల చిన్న చిన్న బుద్ధులను గుర్తు తెచ్చుకుని హంతకుల మనసు చదివే వృద్ధురాలు. అంతకు ముందు సంవత్సరమే డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ ఈ కథలకు పది నియమాలు రాస్తూ, పరిశోధకుడి కంటబడిన ఆధారాన్ని వెంటనే పాఠకుడికీ చూపాలన్నాడు. నా దృష్టిలో హాస్యం విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆధారాన్ని చూపి తీరాలి, కానీ పాఠకుడి చూపు దాని మీద నిలవకూడదు. నవ్వుతున్న పాఠకుడు లెక్కలు వేయడు కనుక, నవ్వుకు మించిన చాటు రచయితకు దొరకదు.

నేను రాసిన ఒక కథలో, విదేశంలోని ఒక తెలుగు సంఘం ఉగాది సంబరాల నాడు కూచిపూడి నర్తకి వడ్డాణం వేదిక వెనుక గదిలోంచి మాయమవుతుంది. ఎండు వేపపువ్వు తెస్తామన్న కుటుంబం మంచు వల్ల ఆలస్యమై పదకొండు గంటలకు గానీ చేరలేదు కనుక మొదటి గిన్నె పచ్చడిలో చేదు లేదు, ఆ గిన్నె పదకొండుకు ముందే ఖాళీ అయింది. భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి, చేదు లేని పచ్చడి పెట్టి ఏడాదంతా తీపేనని జనాన్ని నమ్మిస్తారా అని కార్యవర్గాన్ని నిలదీస్తే అందరూ నవ్వుతారు. తాను పన్నెండింటికి వచ్చానని అంతకు ముందు చెప్పింది ఆయనే.

నేరం హత్యే కానక్కరలేదు. దొంగ చేతిలోని పుల్ల రాత్రికి అంగుళం పెరుగుతుందంటే నమ్మి, తన పుల్లను విరుచుకుని దొరికిపోయినవాడి కథ మన ఇళ్లలో పిల్లలకు చెప్పుకున్నదే. భయమూ తర్కమూ నవ్వూ అందులో చక్కగా అమిరాయి. కథలో మరణం ఉంటే మాత్రం, పోయినవారి కుటుంబం దుఃఖాన్ని నవ్వులాటకు వాడుకోవడం నాకు సమ్మతం కాదు. విదేశంలోని పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రుల ఇంగ్లీషును ఎగతాళి చేయడమూ అంతే.

వాషింగ్టన్ పరిసరాల్లో 1989లో మొదలైన మాలిస్ డొమెస్టిక్ సదస్సు ఈ తరహా రచనలకు టీపాట్ రూపంలో అగాథా పురస్కారం ఇస్తోంది. పురస్కారాల మాట తర్వాత. మన పత్రిక ప్రతి సంచికలో ఇటువంటి కథ ఒకటి వేసి, ముగింపును తర్వాతి సంచికకు ఉంచాలని నా కోరిక. గుడి వంటశాల, నాటకాల రిహార్సల్, వారాంతపు తెలుగు బడి, ఇవన్నీ ఒకరి రాకపోకలు ఇంకొకరు గమనించే చోట్లే కదా.

వేపపువ్వు కథను ఫోనులో మా అమ్మకు చదివి వినిపిస్తుంటే, దొంగ పేరు రావడానికి రెండు పుటల ముందే ఆవిడ నన్ను ఆపింది. “ఆగమ్మా, పువ్వు లేని పచ్చడి ఆయన ఎప్పుడు తిన్నట్టు?” అని అడిగింది.