బొప్పాయి అంటే వణికిపోతారు, పొగాకంటే మాత్రం ఎవరికీ పట్టదు

నాకిప్పుడు ఏడో నెల. మొన్న శ్రీమంతానికి వచ్చినోళ్లు ఏం తినకూడదో ఏం తాగకూడదో ఎన్ని చెప్పారో లెక్కలేదు, ప్లేట్లో రెండు బొప్పాయి ముక్కలుంటే మా చిన్నత్తయ్య నా చేతిలోంచి లాక్కుని మరీ పక్కన పెట్టేసింది. సరిగ్గా అదే టైమ్‌కి మా వారి పెదనాన్న కిటికీ అవతల నిలబడి సిగరెట్ వెలిగించారు. గాలి ఇటే ఉంది, పొగంతా నా కుర్చీ మీదికే. ఒక్కళ్లు నోరు మెదిపితే ఒట్టు.

మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. తెలీనోళ్ల కోసం చెప్తున్నా, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేయడం. ఎదురుగాలికి ఆరిపోదు, చేతులు ఖాళీగా ఉంటాయి, నీళ్లు తోడుతూ అంట్లు తోముతూ తాగేది, మధ్యలో బూడిద ఉమ్మేసి మళ్లీ లోపలికి. అంగిలంతా తెల్లగా మొద్దుబారిపోయి ఉండేది, చిన్నప్పుడు నోరు తెరిచి చూపించమని అడిగేవాళ్లం. ఐదు కాన్పులూ చుట్టతోనే. గ్రహణం రోజు మాత్రం కత్తిపీట ముట్టుకునేది కాదంట, బిడ్డకి మొర్రి వస్తుందని చీకటిగదిలో కదలకుండా పడుకునేదంట, నోట్లో చుట్టతో! తమాషా ఏంటంటే ఆకాశంలో గ్రహణానికీ మొర్రికీ ఏ సంబంధమూ లేదు, పొగకి ఉంది, గర్భంలో పొగ వల్ల పెదవీ అంగిలీ చీలిపోయి పుట్టడం జరుగుతుందని 2014లో అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వంలో ప్రజారోగ్యం చూసే పెద్ద డాక్టర్, రిపోర్టే తేల్చేసింది.

ఇది చెప్తే వచ్చే ఫస్ట్ డైలాగ్, "నేను పొగ తాగట్లేదుగా, ఊరికే కాస్త నములుతాను అంతే". ఇక్కడే నాకు మండుతుంది. పొగే విషం అనుకుంటున్నారు, నికోటిన్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోవట్లేదు. మాయ, అదే ప్లాసెంటా, దాన్ని అడ్డుకోలేదు, బిడ్డ రక్తంలోకి తల్లిలో ఉన్నంతా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే చేరుతుంది, ఉమ్మనీటిలో కూడా ఉంటుంది. ముంబైలో 1217 మంది గర్భిణుల మీద చేసిన స్టడీ 2004లో వచ్చింది, నమిలే పొగాకు వాడినవాళ్ల పిల్లలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. అక్కడ పొగెక్కడుంది మరి?

బరువు తూకంలో కనిపిస్తుంది, మెదడు కనిపించదు. నాకర్థమైనట్టు చెప్తా. కడుపులో బిడ్డ మెదడంటే కడుతున్న ఇల్లు. ఎసిటైల్‌కోలిన్ అని ఒక కెమికల్ ఉంటుంది, అది మేస్త్రీ లాంటిది, ఇక ఇటుకలు చాలు ప్లాస్టరింగ్ మొదలెట్టండి అని టైమ్‌కి ఒక కేక వేస్తుంది, అంటే కణాలు ఒకటి రెండుగా పెరగడం ఆపి నరాల కణాలుగా మారండి అని. కేకేసి వెంటనే మాయమైపోతుంది, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పక్కనే ఉంటుంది కాబట్టి. నికోటిన్ అచ్చం ఆ మేస్త్రీ గొంతుతోనే అరుస్తుంది, కానీ పోదు, ఆ ఎంజైమ్‌కి లొంగదు. కేక వినాల్సిన రిసెప్టర్లు గర్భం తొలి వారాల్లోనే తయారైపోయి ఉంటాయి, చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతి కూడా తెలీదు. రోజంతా అరుపులే అయితే పనోళ్లు ఏం చేస్తారు? కొందరు టైమ్ కాకుండా పని మార్చేస్తారు, కొందరు అసలు వినడం మానేస్తారు.

పొగ వల్ల ఆక్సిజన్ తగ్గి అలా అయ్యుండొచ్చుగా అంటారేమో. డ్యూక్ యూనివర్సిటీలో థియడోర్ స్లాట్కిన్ అనే ఆయన కడుపుతో ఉన్న ఎలుకల చర్మం కింద చిన్న పంపు పెట్టి ఒట్టి నికోటిన్ మాత్రమే ఎక్కించి చూశాడు, పొగ లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు. అయినా ఎలుక పిల్లల మెదడులో కణాలు దెబ్బతిన్నాయి. పుట్టిన పిల్లలకి ఆక్సిజన్ తగ్గినప్పుడు అడ్రినల్ గ్రంథి అలారం కొట్టాలి, ఆ ఎలుక పిల్లల్లో అది సరిగ్గా మోగలేదు. నిద్రలో పసిపిల్లలు హఠాత్తుగా చనిపోతారే, ఆ కేసులకి దీనికీ లింక్ ఉందంటే నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అలాగని పిల్లాడు క్లాసులో కుదురుగా కూర్చోకపోతే వాళ్లమ్మ మీద పడకండి. ఏడీహెచ్‌డీ అని, పిల్లలకి కుదురూ ధ్యాసా నిలవని సమస్య, దానికీ తల్లి గర్భంతో ఉండగా తాగిన పొగకీ లింక్ ఉందంటారు, కానీ స్వీడన్‌లో ఒకే తల్లి పిల్లల్ని పోల్చి చూస్తే ఆ లింక్ బాగా పల్చబడిపోయింది, కుటుంబంలో వచ్చే జన్యువులు కూడా కారణమే. అమ్మమ్మ ఐదుగురు పిల్లలూ బానే ఉన్నారు, నిజమే, దాంతో ఏదీ రుజువవ్వదు కూడా.

ఇంకోటి, అన్నిసార్లూ అలవాటు తల్లిదే అవ్వక్కర్లేదు. నిజామాబాద్ వైపు ఒళ్లో చాట పెట్టుకుని పొద్దుగూకులూ బీడీలు చుట్టే ఆడవాళ్లకీ, ప్రకాశంలో తడి పొగాకు ఆకు తెంపేవాళ్లకీ చర్మంలోంచే నికోటిన్ ఎక్కుతుంది. తల తిరిగి వాంతులవుతాయి. కడుపుతో ఉన్న మనిషైతే వేవిళ్లు అనుకుని ఊరుకుంటారు, ఎవరికి తడుతుంది? వాళ్లకి పని మానెయ్యమని చెప్పడం తేలికే, కూలి ఎవరిస్తారు. పక్కనోళ్ల పొగ ద్వారా చేరే నికోటిన్ అంతకంటే తక్కువే, కానీ అది మానడానికి పెదమావయ్యగారికి కూలి పోదుగా?

అందుకే లేచి కిటికీ దగ్గరికెళ్లి, మావయ్యా కాస్త డాబా మీదికెళ్లి తాగండి అన్నాను. హాలంతా సైలెంట్. కడుపుతో ఉన్న పిల్లకి అంత నోరా అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆయన సిగరెట్ పారేసి భోజనం చెయ్యకుండా వెళ్లిపోయారు, ఇంకా మాట్లాడట్లేదు. బారసాలకి వస్తారుగా, బిడ్డని ఎత్తుకోవాలంటే ముందు షర్ట్ మార్చుకుని చేతులు కడుక్కుని రమ్మంటా.