5.5 లక్షల మంది ఖైదీలు ఎక్కడి నుంచి వచ్చారు?

"జపాన్‌లో కొత్త చక్రవర్తి సింహాసనం ఎక్కాడని 5.5 లక్షల మంది ఖైదీలను వదిలేశారు. అక్కడ రాజుగారికి దయ కలిగితే ఉరిశిక్ష కూడా రద్దే!" ఈ మెసేజ్ ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. అంకె, సందర్భం మాత్రమే నిజం.

ముందు ఆ ఖైదీల సంగతి. 2019లో జపాన్ జైళ్లన్నీ గాలించినా ఉన్నది 50 వేల మందికి అటూ ఇటూ. లేనివాళ్లను ఎలా వదులుతారు? ఆ అక్టోబర్ 22న, పట్టాభిషేక వేడుక రోజున, మేలు జరిగింది జరిమానా కట్టేసి మూడేళ్లు దాటినవాళ్లకు. ఎక్కువ భాగం ట్రాఫిక్ కేసులే. అక్కడ జరిమానా శిక్ష పడితే ఐదేళ్లదాకా ఆ మచ్చ పోదు. డాక్టరు, నర్సు లైసెన్సులకు అది అడ్డం పడొచ్చు. ఆ అడ్డు కాస్త ముందే తొలగింది, అంతే. దీన్ని 'ఫుక్కెన్' అంటారు, అంటే హక్కులు తిరిగివ్వడం. కట్టిన జరిమానా మాత్రం వెనక్కి రాదు. ఆగస్టు 15కి సత్ప్రవర్తన ఖైదీలు సంచి భుజాన వేసుకుని చర్లపల్లి జైలు గేటు దాటడం టీవీలో చూసిన మనకు, క్షమాభిక్ష అనగానే అదే గుర్తొస్తుంది మరి.

రాజుగారి దయ అన్నది ఇంకో తప్పు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన రాజ్యాంగం ప్రకారం నిర్ణయం మంత్రివర్గానిది, చక్రవర్తిది ధ్రువీకరణ మాత్రమే. 2019లో నిర్ణయించింది అప్పటి ప్రధాని షింజో అబే ప్రభుత్వం. పేరే మోసం చేస్తుంది: అక్కడ క్షమాభిక్షను 'ఒన్షా' అంటారు, అందులో మొదటి అక్షరానికి అనుగ్రహం అని అర్థం. మన క్షమాభిక్షలో 'భిక్ష' మిగిలిపోయినట్టే.

పోనీ, పట్టాభిషేకం ఉంటేనే క్షమాభిక్షా? అదీ కాదు. ఒక్కో మనిషి కేసు విడిగా చూసే 'కొబెత్సు ఒన్షా' ఏడాది పొడవునా ఉంటుంది. అర్జీ జైలు అధికారి, ప్రొబేషన్ ఆఫీసు లేదా ప్రాసిక్యూటర్ ద్వారా న్యాయశాఖలోని ఐదుగురి సంఘానికి వెళ్తుంది. నడవడిక, మళ్లీ నేరం చేసే ప్రమాదం, జనం ఏమనుకుంటారన్నది అన్నీ చూశాకే మంత్రివర్గం దాకా పోతుంది.

ఇక ఉరి. కొందరికి తగ్గిన మాట నిజమే, కానీ అడిగితే దొరికేది కాదు. బ్యాంకులో విషప్రయోగం కేసులో శిక్ష పడ్డ చిత్రకారుడు హిరసావా సదమిచి పదే పదే అర్జీ పెట్టుకుని, 1987లో 95 ఏళ్ల వయసులో ఖైదీగానే చనిపోయాడు. ఫుకువోకా హత్యల కేసులో ఇద్దరికి ఉరిశిక్ష పడింది. 1975 జూన్ 17న ఒకరికి దాన్ని యావజ్జీవంగా తగ్గించారు. రెండోవాణ్ణి అదే రోజు ఉరి తీశారు. ఆ తర్వాత ఒన్షా కింద ఒక్క ఉరిశిక్షా తగ్గలేదు.