ఆ ట్రైలర్ లైట్ల మెసేజ్ ఇక నాకు పంపకండి

ఈ వారంలో ఆరోసారి వచ్చింది. మొదట మా బావమరిది పంపాడు, తర్వాత గుడి గ్రూపులో, క్రికెట్ గ్రూపులో. నిన్న రాత్రి ఖమ్మం నుంచి మా పెదనాన్న కూడా పంపాడు. ఆయనకు పికప్ ట్రక్కు లేదు, ట్రైలర్ లేదు. "నీకు పనికొస్తుందని పంపా నాన్నా" అన్నాడు.

"ట్రైలర్ లైట్లు వెలగట్లేదా? మెకానిక్‌కి డబ్బులు తగలేయకండి! 7 సూపర్ చిట్కాలు" అనేది దాని పేరు. ఇప్పుడే ఎందుకు తిరుగుతోందో తెలుసు. వినాయక చవితి దగ్గర పడింది. డాలస్ చుట్టుపక్కల పికప్ ఉన్న తెలుగువాడికి ఏడాదిలో రెండు పనులు తప్పవు: ఎవరో ఒకరి సోఫా మోయడం, విగ్రహాన్ని నిమజ్జనానికి తీసుకెళ్లడం. ఈ రెండో పనికి ట్రైలర్ కావాలి. అది ఏడాదంతా ఎవరి పెరట్లోనో వానకు తడుస్తూ పడుంటుంది, దాని లైట్లు ఆ రోజే మొరాయిస్తాయి.

మొదటి చిట్కా, బల్బులన్నీ మార్చేయమని. రెండు పక్కలా బల్బులు ఒకే రోజు పోవాలంటే వాటి జాతకాలు కలవాలి. ఒక్క పక్కే పోతే బల్బు చూడండి, అన్నీ పోతే బల్బుల జోలికి వెళ్లకండి.

రెండోది, "రంగుకు రంగు కలపండి, అంతే." నాలుగు పిన్నుల ప్లగ్గున్న చిన్న ట్రైలర్‌కి ఇది చాలావరకు సరే. తెలుపు గ్రౌండ్ (కరెంటు బండికి తిరిగి వెళ్లే దారి), బ్రౌన్ వెనక లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. కానీ చాలా క్యాంపర్లలో, అంటే లోపల పడుకునే వీలున్న ట్రైలర్లలో, లెక్క వేరు. అక్కడ ఆకుపచ్చ అంటే వెనక లైట్లు, బ్రౌన్ అంటే కుడి సిగ్నల్, ఎరుపు ఎడమ. అలాంటిదానికి రంగుకు రంగు కలిపితే హెడ్‌లైట్లు వేయగానే కుడి సిగ్నల్ ఆరకుండా వెలుగుతూ ఉంటుంది, కుడికి సిగ్నల్ వేస్తే వెనక లైట్లన్నీ పెళ్లిపందిరిలా మిణుకుమంటాయి. పైగా బండికి వెనక సిగ్నల్ వేరుగా, నారింజ రంగులో ఉంటే మధ్యలో బ్రేకునీ సిగ్నల్‌నీ ఒకే వైరులోకి కలిపే కన్వర్టర్ పెట్టాల్సిందే, ఎందుకంటే ఇలాంటి ట్రైలర్లలో బ్రేకుకీ సిగ్నల్‌కీ ఒకటే ఫిలమెంటు (బల్బులో వెలిగే తీగ). మెసేజ్‌లో ఆ మాటే లేదు.

మూడోది, "తెల్ల వైరు అనవసరం, బాల్ ద్వారానే గ్రౌండ్ వస్తుంది." వస్తుంది, బండి ఆగి ఉన్నంతసేపు. ఆ బాల్ అంటే బండి వెనక ట్రైలర్‌ని తగిలించే ఇనుప గుండు. దానికి గ్రీజు పూస్తాం, దాని మీద కూర్చునే కప్పుకి లోపల తుప్పు. ఇనుముకి ఇనుము తగిలేది అదృష్టం బాగున్నప్పుడే. మొన్నటేడు నిమజ్జనం రోజు సాయంత్రం ఇదే జరిగింది. విగ్రహం ఎక్కించాం, తాళ్లు కట్టాం, హెడ్‌లైట్లు వేస్తే వెనక ఎర్ర లైట్లు కాస్త మందంగానైనా వెలిగాయి. "అన్నా, ఒకసారి బ్రేకు తొక్కు" అన్నాడు వెనక నిలబడ్డ కుర్రాడు. తొక్కాను. "అన్నా, ఆరిపోయాయి!" బ్రేకు తొక్కితే వెలగాల్సినవి ఆరిపోయాయి. కాలు తీస్తే మళ్లీ వెలిగాయి. వాడు దేవుడి లీలేమో అన్నట్టు విగ్రహం వంక చూశాడు.

లీలేమీ లేదు. గ్రౌండ్ తెగితే కరెంటు వెనక్కి రావడానికి దొడ్డిదారి వెతుక్కుంటుంది. వెనక లైటు ఫిలమెంటులోంచి వచ్చి, పక్కనున్న బ్రేకు ఫిలమెంటు మీదుగా బండిలోకి పోతుంది. అందుకే లైటు మందంగా వెలుగుతుంది. బ్రేకు తొక్కగానే ఆ దొడ్డిదారిలో కూడా 12 వోల్టులు ఎదురొస్తాయి, ఇక కదలడానికి చోటుండదు. జంపర్ కేబుల్ ఒక కొస బండి ఫ్రేముకి, ఇంకో కొస ట్రైలర్ ఇనుముకి పట్టిస్తే అన్నీ భేషుగ్గా వెలిగాయి. తెల్ల వైరు బిగించిన స్క్రూ చూస్తే, పెయింటు మీదే బిగించారు, చుట్టూ తుప్పు. శాండ్‌పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త రింగ్ వేసి బిగించాం. పావుగంట పట్టింది. మా దగ్గరకు వచ్చే ట్రైలర్లలో సగానికి సగం రోగం ఇదే, ఆ మెసేజేమో ఈ వైరే వద్దంటోంది.

ఇక నాలుగోది. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను. "ఫ్యూజు మాటిమాటికీ పోతోందా? 15 తీసి 30 వేయండి. దొరక్కపోతే చాక్లెట్ రేపర్ చుట్టండి." పక్కన నవ్వు బొమ్మ కూడా పెట్టారు.

ఇది రాసినవాడు ఎవరో గానీ, మా ఊరివాడే అయ్యుండాలి. మా ఊళ్లో బోరు మోటారుకి ఫ్యూజు పోయినప్పుడల్లా ఇంకొంచెం లావు తీగ చుట్టేవాళ్లు. మోటారు రెండుసార్లు కాలింది. ఫ్యూజు మాత్రం నిక్షేపంగా ఉంది.

లెక్క చూడండి. ట్రైలర్లలో మామూలుగా వాడే 1157 బల్బులో బ్రేకు ఫిలమెంటు తీసుకునేది 2.1 ఆంపియర్లు, వెనక లైటు ఫిలమెంటు 0.6 కూడా లేదు. రెండు బ్రేకు లైట్లూ కలిపినా 5 దాటదు. 15 ఆంపియర్ల ఫ్యూజు ఊరికే ఎగిరిపోతోందంటే అది చిన్నదై కాదు, ఎక్కడో వైరు ఒలిచిపోయి ఇనుముకి తగులుతోంది. ఫ్యూజు తన పని తాను చేసి చచ్చిపోయింది. దాని చోట 30 పెడితే కరెంటు రెట్టింపు పోవచ్చు, వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఆ వైరు వెళ్లేది ఎక్కడినుంచి? బండి కింద, పెట్రోలు ట్యాంకు పక్కనుంచి. ఇక చాక్లెట్ రేపర్ సంగతి, అది ఎన్ని ఆంపియర్లకు తెగుతుందో చాక్లెట్ కంపెనీ వాళ్లు రాయరు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది. ఇక్కడ ఆ ఇంట్లో వినాయకుడూ, వెనక సీట్లో పిల్లలూ ఉంటారు.

చేయాల్సింది ఇదీ. ట్రైలర్ ప్లగ్గు పీకి కొత్త 15 వేయండి. నిలిస్తే తప్పు ట్రైలర్‌లో ఉంది, పోతే బండిలో ఉంది. తర్వాత ఫ్యూజు తీసి, దాని రెండు కాళ్లు కూర్చునే చోట్ల మధ్య పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి కలిపి ప్లగ్గు పెట్టండి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వైరు మాత్రం కాలదు, ఎందుకంటే కరెంటుకు బల్బే అడ్డం. అప్పుడు వైరును ముందునుంచి వెనక్కి ఒక్కో చోటా కదుపుతూ పోండి. ఎక్కడ కదిపితే బల్బు మందగిస్తుందో అక్కడే దొంగ. ఎక్కువగా ఇనుప ఫ్రేము కన్నంలోంచి రబ్బరు లేకుండా వైరు దూరిన చోటో, ముందు కొసన వేలాడి రోడ్డుకు రాసుకున్న చోటో దొరుకుతుంది. కొత్త బండ్లు కొన్నిటిలో ట్రైలర్ లైట్లను కంప్యూటర్ పెట్టె నడుపుతుంది, అక్కడ ఈ బల్బు విద్య చేయకండి.

ఐదోది, "మీటరు 12 వోల్టులు చూపిస్తే వైరు బాగున్నట్టే." కాదు. మీటరుకి కరెంటు దాదాపు అక్కర్లేదు, ఒక్క రాగి పోగు మిగిలినా 12 చూపిస్తుంది. అదే పోగు మీద 2 ఆంపియర్లు లాగండి, చేతులెత్తేస్తుంది. వైరును కోసి పట్టుకునే నీలం క్లిప్పులున్నాయే, వాటిలో జరిగేది ఇదే: సగం పోగులు తెగుతాయి, మిగతావాటికి నీళ్లు పట్టి చిలుము. బల్బు తగిలించి, అది వెలుగుతుండగా మీటరు పెట్టి చూడండి.

ఆరోది, "ఎల్ఈడీలు వేస్తే సమస్యలన్నీ పోతాయి." ఎల్ఈడీకీ గ్రౌండ్ కావాలి. పైగా అది తీసుకునే కరెంటు తక్కువ కాబట్టి కొన్ని బండ్లు వెనక ట్రైలరే లేదనుకుంటాయి.

ఏడోది చూసి మొదట పగలబడి నవ్వాను. "పిన్నులను చింతపండుతో తోమండి." బిందెలా, ట్రైలర్ ప్లగ్గా? గ్రూపులో వెటకారంగా ఒక స్టిక్కర్ కూడా పెట్టాను. ఆ సాయంత్రం పచ్చగా చిలుము పట్టిన నాలుగు పిన్నుల ప్లగ్గొకటి చేతికొచ్చింది. మా ఆవిడ చూస్తుండగానే నానబెట్టిన చింతపండు కాస్త తీసుకుని, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. రెండు నిమిషాల్లో ఇత్తడి తళతళలాడింది. అవునూ, అదీ ఇత్తడే, ఇదీ ఇత్తడే. స్టిక్కర్ డిలీట్ చేశాను.

కాకపోతే ప్లగ్గు బండి నుంచి పీకాకే తోమండి. పులుపు అందులోనే ఉండిపోతే నెలలో మళ్లీ చిలుము పడుతుంది, అందుకని మంచినీళ్లతో బాగా కడిగి, హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, పిన్నులకు పల్చగా డైఎలక్ట్రిక్ గ్రీజు (తడి తగలకుండా కాపాడేది) రాయండి. డ్రైయర్ అడిగినప్పుడు మాత్రం మా ఆవిడ ఒక చూపు చూసింది.