ఒక్క సబ్బు, ముప్పయ్యేడు బీప్‌లు

దుకాణాల్లో బిల్లు వేసే మా యాప్‌లో బార్‌కోడ్ స్కానర్ పెట్టడం పావుగంట పని అన్నాడు మా డెవలపర్ కుర్రాడు. సాఫ్ట్‌వేర్‌లో పావుగంట అంటే టైలరు చెప్పే ‘రేపు’ లాంటిది. చెప్పినవాళ్లూ నమ్మరు, విన్నవాళ్లూ నమ్మరు, కాని ఇద్దరూ తలూపుతారు. నేను టెస్టర్‌ని. తలూపినందుకు నాకు జీతం ఇవ్వరు కాబట్టి ఊరుకున్నాను.

నిజం చెప్పాలంటే వాడి మాటలో అబద్ధం లేదు. మేం యాప్ రాసేది ఫ్లట్టర్‌లో, ఒకసారి రాస్తే ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ పనికొచ్చే సరంజామా అది. అందులో స్కానింగ్ కోసం ఎవరో పుణ్యాత్ములు రాసి ఉచితంగా పెట్టిన రెడీమేడ్ కోడ్ ప్యాకేజీలు ఉన్నాయి. ఒక ఫైల్లో ఒక లైను చేర్చి, ఇంకోచోట పదిపదిహేను లైన్లు రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ కెమెరా తెరుచుకుంటుంది. మావాడు టేబుల్ మీదున్న నీళ్ల సీసా చూపించాడు, బీప్ మంది. ల్యాప్‌టాప్ తెర మీద క్యూఆర్ కోడ్ చూపించాడు, అదీ బీప్ మంది. ట్యూబ్‌లైటు వెలుగులో, ముడతల్లేని లేబుల్ మీద, వణకని చేతిలో ఏ స్కానరైనా బీప్ మంటుంది. మేనేజర్ గారు పొంగిపోయి అందరికీ పునుగులు తెప్పించారు.

ఐఫోన్ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. కంప్యూటర్ తెర మీద ఐఫోన్‌లా నటించే సిమ్యులేటర్‌కి కెమెరా ఉండదు, స్కానర్ చూడాలంటే అసలు ఫోనే కావాలి. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ఐఫోన్ మేనేజర్ గారిది. ఆయన దాన్ని చార్జింగ్ పెట్టడానికి కూడా ఇంకొకరి చేతికివ్వరు. దాంతో మా స్కానర్ మొదటిసారి ఐఫోన్‌లో తెరుచుకున్నది నేరుగా కస్టమర్ చేతిలోనే.

కస్టమర్ అంటే గుంటూరులో ఒక సూపర్ మార్కెట్ షావుకారు గారు. ఆయనది ఐఫోన్. కౌంటర్లో కూర్చునే గుమాస్తా గారిది ఆండ్రాయిడ్. షావుకారు గారు యాప్ తెరిచి స్కాన్ బటన్ నొక్కారు. ఐఫోన్‌లో కెమెరా ఎందుకు కావాలో యాప్ ముందే ఒక వాక్యంలో చెప్పుకోవాలి. ఆ వాక్యం లేకపోతే కెమెరా తెరవబోయే క్షణంలోనే యాప్ మాయమైపోతుంది. మావాడికి ఆ సంగతి తెలుసు, అందుకని వాక్యం పెట్టాడు. ఏం పెట్టాడన్నది షావుకారు గారు కళ్లజోడు సర్దుకుని పైకి చదివితేగాని మాకు తెలియలేదు.

“‘తర్వాత రాస్తా’ అంటోందమ్మా మీ యాప్. ఏం రాస్తుందట?”

మావాడు పప్పుల వరస వైపు నడిచి వెళ్లిపోయాడు.

గుమాస్తా గారి ఫోన్లో కథ వేరు. కెమెరాకి అనుమతి ఇవ్వమంటావా అని అడిగితే ఆయన రెండుసార్లూ ‘వద్దు’ నొక్కారు. “ఫోన్లో ఎవరేం అడిగినా వద్దనమని టీవీలో చెబుతున్నారు కదండీ” అన్నారు. రెండుసార్లు కాదంటే ఆండ్రాయిడ్ ఇక అడగడం మానేస్తుంది, అంత అభిమానం దానికి. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని బతిమాలి తెచ్చుకునేసరికి కౌంటర్ ముందు ఒక పెద్దావిడ ఒకే ఒక్క సబ్బుతో నిలబడి ఉంది.

గుమాస్తా గారు ఆ సబ్బుని ఫోన్ కిందికి తెచ్చి, దేవుడికి హారతి చూపించినంత భక్తిగా అలాగే పట్టుకున్నారు. బీప్. బీప్. బీప్ బీప్ బీప్. కెమెరాకి సెకనుకి 30 బొమ్మలు వస్తాయి. ఒక్కో బొమ్మలోనూ సబ్బు కనిపిస్తుంది. కనిపించిన ప్రతిసారీ ‘సబ్బు దొరికింది’ అని అది యాప్‌కి చెబుతుంది, యాప్ బిల్లులో కలుపుతుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసేసరికి 37 సబ్బులు, 1,406 రూపాయలు.

“ఇది ఒళ్లు రుద్దుకోవడానికా, ఊరు కడగడానికా నాయనా?” అంది పెద్దావిడ.

1974 జూన్ 26న అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో, ఒక సూపర్ మార్కెట్లో మొట్టమొదటిసారి సరుకు మీద ఇప్పటి రకం బార్‌కోడ్ స్కాన్ చేశారు. చూయింగ్ గమ్ ప్యాకెట్టు, 67 సెంట్లు. ఒక్కసారే పడింది. యాభై ఏళ్లు గడిచాక మేం సాధించిన అభివృద్ధి ఇదీ.

మావాడు రాత్రికి రాత్రే సరిచేశాడు. ప్యాకేజీలోనే ఒక సెట్టింగ్ ఉంది, ‘అదే కోడ్ మళ్లీ వస్తే పట్టించుకోకు’ అని. మర్నాడు పొద్దున ఒక హాస్టల్ వార్డెన్ గారు డజను సబ్బులు తెచ్చారు. గుమాస్తా గారు పన్నెండూ ఒకటొకటిగా చూపించారు. మొదటిదానికి బీప్ మంది, తర్వాత మౌనవ్రతం. బిల్లు 38 రూపాయలు వచ్చింది. వార్డెన్ గారు ఒక్క మాటైనా మాట్లాడకుండా యాభై నోటు బల్ల మీద పెట్టి, సంచీ సర్దుకోవడం మొదలుపెట్టారు. చిల్లర కూడా అడగలేదు. అదే అనుమానం తెప్పించింది.

“నిన్నటిదే నయం కదమ్మా, అందులో నాకు లాభమైనా ఉంది” అన్నారు షావుకారు గారు.

దీనికి మందు కనిపెట్టింది మా కంపెనీ కాదు, గుమాస్తా గారు. మధ్యలో ఇంకో సరుకు చూపిస్తే యాప్ పాత సరుకుని మర్చిపోతుందని ఆయన పదినిమిషాల్లో పట్టేశారు. ఇక సబ్బు, ఉప్పు, సబ్బు, ఉప్పు అంటూ పన్నెండు జతలు కొట్టి, చివర ఉప్పు ప్యాకెట్లన్నీ బిల్లులోంచి తీసేసేవారు. ఒక్కోసారి తీయడం మర్చిపోయేవారు. ఆ వారం గుంటూరులో బీపీ ఉన్నవాళ్ల ఇళ్లకి కూడా ఉప్పు బాగానే వెళ్లింది.

కౌంటర్ మీద డబ్బులు తీసుకునే యూపీఐ క్యూఆర్ కోడ్ స్టాండు ఒకటుంది. దసరాకి ఆయుధపూజలో దానికీ పసుపు రాసి, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టారు. తుడిచేయండి, చదవడం కష్టం అన్నాడు మావాడు. షావుకారు గారు ఒప్పుకోలేదు, నిజానికి ఒప్పుకోనక్కర్లేదు కూడా. 1994లో జపాన్‌లో మసహిరో హరా బృందం ఈ క్యూఆర్ కోడ్ తయారుచేసింది కార్ల విడిభాగాల లెక్క కోసం. ఫ్యాక్టరీలో మడ్డీ మరకా తప్పదు కాబట్టి, కొంత చెరిగినా మిగతాదాన్నిబట్టి లెక్కకట్టి చదివేలా పెట్టారు. అన్నిటికన్నా గట్టి రకంలో 30 శాతం దాకా పోయినా ఫర్వాలేదు. మూలల్లో ఉండే మూడు చదరాల జోలికి పోనంతవరకు ఒక బొట్టు దానికో లెక్కా!

అది లెక్క కాకపోవడమే మా ప్రాణానికొచ్చింది. గుమాస్తా గారు బిస్కెట్ ప్యాకెట్ చూపిస్తే, ప్యాకెట్ మీద గీతలు ముడతల్లో కలిసిపోయి, మెరుపుకి కెమెరా కళ్లు బైర్లు కమ్మి, దానికి కనిపించేది వెనకనున్న బొట్టు పెట్టుకున్న క్యూఆర్ కోడే. మా యాప్ దాన్ని కొత్త సరుకనుకుని స్టాకులో చేర్చుకుంది. పేరు: ‘యూపీఐ కోలన్ స్లాష్ స్లాష్ పే’, ఆ పక్కన షావుకారు గారి ఐడీ. ధర సున్నా. ఆ లెక్కన ఎవరో ఒకాయన బిస్కెట్లతోపాటు షావుకారు గారి బ్యాంకు ఖాతాని కూడా ఉచితంగా కొనుక్కెళ్లారు.

సున్నా అంటే గుర్తొచ్చింది. అమెరికా చాక్లెట్ల మీద ఉండే బార్‌కోడ్‌కి 12 అంకెలు. మన సరుకుల మీద 13, ఎక్కువగా 890తో మొదలయ్యేవి. ఆ పన్నెండంకెల దానికి ముందు ఒక సున్నా తగిలిస్తే అదీ పదమూడంకెల కోడే అవుతుంది. ఐఫోన్ ఆ సున్నా తగిలించి ఇస్తుంది. ఆండ్రాయిడ్ ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. రెండూ ఒప్పే, అందుకే గొడవ. షావుకారు గారు సరుకు దించుకున్నప్పుడు ఐఫోన్‌తో స్కాన్ చేశారు, గుమాస్తా గారు అమ్మేటప్పుడు ఆండ్రాయిడ్‌తో చేశారు. నెలాఖరుకి లెక్క చూస్తే ఒక చాక్లెట్ వచ్చిందే కాని అమ్ముడుపోలేదు, ఇంకో చాక్లెట్ అమ్ముడుపోయిందే కాని అసలు రాలేదు. ఆడిటర్ గారు వచ్చి ఈ రెండో చాక్లెట్ ఎక్కణ్ణుంచి తెచ్చారని షావుకారు గారిని గట్టిగానే నిలదీశారు.

“అక్కా, సున్నా ఒక్కటే కదా తేడా” అన్నాడు మావాడు నాతో.

“నీ జీతం చివర్లోనూ ఉంటుంది, తీసేయమని చెప్పనా?” అన్నాను.

వాడు ఇవన్నీ ఒక్కొక్కటే సరిచేస్తున్నాడు. బీప్‌కి బీప్‌కి మధ్య సెకనున్నర విరామం ముందే పెట్టి పంపాడు. ఇక మిగిలినవి, వచ్చిన ప్రతి కోడ్‌నీ 13 అంకెలకి సరిపెట్టడం, తెర మధ్యలో ఒక చిన్న చతురస్రం గీసి అందులో పడిన కోడ్ మాత్రమే తీసుకోవడం. కొత్త వెర్షన్ పట్టుకుని మళ్లీ గుంటూరు వెళ్లాం. కౌంటర్ దగ్గర జనం చకచకా కదులుతున్నారు, ఉప్పు ప్యాకెట్ ఎక్కడా కనిపించలేదు. గుమాస్తా గారి ముందు రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఖాళీ అట్టపెట్టెల మీంచి, పాత ప్యాకెట్ల మీంచి బార్‌కోడ్‌లు కత్తిరించి, మైదా పిండి ఉడికించిన జిగురుతో పేజీకి ఎనిమిది చొప్పున అంటించి, పక్కన ‘పళ్లపొడి, చిన్నది’, ‘అగరొత్తులు, పెద్దవి’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. పక్కనున్న బార్‌కోడ్ అడ్డం రాకుండా ఒక అట్టముక్కకి చిన్న కిటికీ కోసి, దాన్ని పేజీ మీద జరుపుతూ స్కాన్ చేస్తున్నారు. ముడతల్లేవు, మెరుపు లేదు. ఒక్కో సరుకు ఎన్ని ఉంటే అన్నిసార్లు అట్ట మూసి తెరుస్తున్నారు.

మావాడు చతురస్రం ఉన్న తన ఫోన్‌ని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

షావుకారు గారు మాకు కాఫీ తెప్పించి, నోట్‌బుక్‌ని ముచ్చటగా తిరగేస్తూ అన్నారు: “ఈ కొత్త ఏర్పాటు చాలా బాగుందమ్మా. రెండో కౌంటర్‌కి కూడా ఇలాంటి పుస్తకం ఒకటి కావాలి. దానికి విడిగా ఛార్జి చేస్తారా, మెయింటెనెన్స్‌లోనే వస్తుందా?”