పచ్చరంగు గారికి ఒక పికప్ యజమాని విన్నపం

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

చక్రాల వాలూ వరుసా కొలిచే ఎలైన్‌మెంట్ కంప్యూటరు తెర మీద, కొలత సరిగా ఉందని చెప్పడానికి వెలిగే మహారాజరాజశ్రీ పచ్చరంగు గారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన లేఖల ఆచారమే గాని, ఈసారి ఆ మాట సగమే నిజం కనుక సగమే రాస్తున్నాను. తమరు కుశలం. నా బండి ముందు టైర్లు రెండూ మాత్రం బయటి అంచున కొత్తవిలా నవ్వుతూ, లోపలి అంచున తీగలు తేలి, ఎనిమిది వేల కిలోమీటర్లకే కాలధర్మం చెందాయి.

నేను ఈ ఊళ్లో షామియానాలు, కుర్చీలు, వంట డేగిసాలు అద్దెకిచ్చి బతికేవాణ్ణి. గత సంవత్సరం నా పికప్‌ను నేలకు దగ్గరగా దించాను. డేగిసాలు ఎత్తిపెట్టే కుర్రవాళ్లకు సులువుగా ఉంటుందని ఇంట్లో చెప్పాను గాని, అసలు కారణం వేరు. ఇచ్ఛాపురం దగ్గర జాతీయ రహదారి మీద అలా దించిన బండి ఒకటి నా పక్కనుంచి పాకుతున్నట్టు వెళ్లింది. యాభై రెండేళ్ల వయసులో నా మనసు దాని వెంట పోయింది. ముందువైపు స్ప్రింగుల పని చేసే ఇనుప కడ్డీల, అంటే టోర్షన్ బార్ల బోల్టులు వదులు చేయించి రెండున్నర అంగుళాలు, వెనుక కమాను కట్టలను కొట్టించి వంపు తగ్గించి రెండు అంగుళాలు దించాము. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను చెబుతోందట. దానిని చదివే ఆసక్తి నాకు బండిని దించిన తరువాతనే కలిగింది.

తమ దర్శనానికి వచ్చిన రోజు సంగతి మనవి చేస్తాను. ర్యాంపు ఎక్కబోతే బంపరు ముందుగా ఎక్కుతానని మొండికేసింది. మా షామియానా సామానులోని బల్లలు రెండు కింద పరిచి ఎక్కించాము. అంతటి అవస్థ కళ్లారా చూసిన మీ ఎలైన్‌మెంట్ కుర్రవాడు కూడా కంప్యూటరులో కంపెనీ పేరు, మోడలు, సంవత్సరం నొక్కాడే తప్ప ఈ బండి ఇప్పుడు ఎంత ఎత్తున నిలబడి ఉందని అడగలేదు. అతణ్ణి తప్పుపట్టను, అడగమని తమరు అతనికి నేర్పలేదు. తమ దగ్గరున్న కొలతలన్నీ కంపెనీ గేటు దాటిన నాటి బండివి. నాది రెండున్నర అంగుళాల కిందట ఆ బండిగా ఉండేది.

ఆ రెండున్నర అంగుళాలలో ఏమి జరుగుతుందో తమకు తెలియనిది కాదు. మా బండికి ముందు చక్రాన్ని పైన ఒక పొట్టి చెయ్యి, కింద ఒక పొడుగు చెయ్యి పట్టుకొని ఉంటాయి. బండి కిందికి కూర్చున్న కొద్దీ చేతులు రెండూ పైకి లేస్తాయి. పొట్టిది చిన్న వృత్తంలో తిరుగుతుంది కనుక చక్రం తలను త్వరగా లోపలికి లాగుతుంది. అప్పుడే పుట్టిన దూడ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినట్టు చక్రాలు నిలబడతాయి. దీనిని మీ భాషలో నెగటివ్ క్యాంబర్ అంటారు. స్టీరింగు నుంచి వచ్చే టై రాడ్ తన దారిన తాను మరో వృత్తం గీస్తుంది కనుక, చక్రాలు ఎటు చూడాలన్న లెక్క, అంటే టో కూడా చెడుతుంది. (ముందువైపు కూడా కమాను పట్టీలూ, అడ్డంగా ఒకే ఇరుసూ ఉండే బండి కొని ఉంటే నా ఈ లేఖ సగానికే ముగిసేది. అటువంటి ఇరుసు దిగినా చక్రాలు వంగవు.)

ఆ రోజు తెర మీద క్యాంబర్ రెండు వైపులా మైనస్ రెండు డిగ్రీల చిల్లర చూపించి ఎర్రబడింది. కుర్రవాడు టై రాడ్లు తిప్పి టోను పచ్చగా మార్చాడు. క్యాంబర్ ఎర్రగానే ఉంది. "అది కంపెనీ ఫిట్టింగు బాబుగారూ, మారదు" అన్నాడు. పై చెయ్యి బిగించే చోట షిమ్ములు, అంటే సందు సర్దే పలుచని బిళ్లలు ఉన్నాయని చూపించాను. తీయడానికి ఉన్న షిమ్ములు తీసినా, ఇంత దించిన బండికి అవి చాలవు. పొడుగు పై చేతులు వేయించాలి. ఆ మాట ఎవరైనా ఆనాడు చెప్పి ఉంటే తమకీ లేఖ రాసే పని ఉండేది కాదు. అతను కాసేపు నన్ను చూశాడు, కాసేపు వరుసలో ఉన్న తరువాతి కారును చూశాడు, ఆపైన జాబితాలోకి వెళ్లి నా బండికి బదులు మరో కంపెనీ బండి పేరు నొక్కాడు. చక్రం వెంట్రుకవాసి కదలలేదు, స్పానరు ముట్టుకోలేదు, అవే కొలతలు పచ్చగా వికసించాయి. "సబు ఠిక్ అఛి, ఆజ్ఞా" (అంతా సరిగ్గా ఉందండీ) అని ఒడియాలో అంటూ కాగితం చేతిలో పెట్టాడు.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనవాళ్లు అన్నది పసుపుపచ్చను గురించే అయినా, ఆకుపచ్చకు కూడా ఆ జబ్బు ఉంటుందని నేను ఆనాడే గ్రహించాను. పచ్చి అబద్ధం అన్న మాటకు ముద్రించిన కాగితం రూపంలో నిదర్శనం నా దగ్గర భద్రంగా ఉంది.

మా ఊరికి 1900లోనే రెండున్నర అడుగుల గేజీ రైలు వచ్చింది. వందేళ్లకు పైగా నౌపడా నుంచి అటూ ఇటూ తిరిగింది. చక్రాల సంగతిలో పట్టాలకు మొహమాటం లేదు. కొలత తప్పితే బండి దిగి పడుతుంది, ఊరంతా వచ్చి చూస్తుంది. తారు రోడ్డు అలా పరువు తీయదు. రోజుకు కాస్త రబ్బరు నాకి ఊరుకుంటుంది.

టైర్లు పోయాక నేను చేసిన పని తమకు చిన్నతనంగా తోచవచ్చు. పందిరి గుంజలు నిటారుగా ఉన్నాయో లేదో చూడడానికి మా దగ్గర దారానికి వేలాడే ఇనుప గుండు ఉంటుంది. బండిని గచ్చు మీద నిలిపి, గాలి సమానంగా పట్టించి, ఆ దారాన్ని రిమ్ము కింది అంచుకు తగిలేలా చక్రం ముందు వేలాడదీశాను. పై అంచు దారానికి 16 మిల్లీమీటర్లు లోపలికి ఉంది. మా రిమ్ము అంచులకు ఒక డిగ్రీ అంటే సుమారు 7 మిల్లీమీటర్లు. లెక్క తమ ఎర్రరంగు గారితో సరిపోయింది, తమతో సరిపోలేదు. అదే ఊపులో వెనుక ఇరుసును కూడా కొలిస్తే, ఎడమవైపు 6 మిల్లీమీటర్లు వెనక్కి జరిగి ఉంది. కమాను కట్టలు తిరిగి బిగించినప్పుడు కట్టను ఇరుసు మీద తన చోట నిలిపే సెంటర్ బోల్టు తల తన గుంటలో కూర్చోలేదు. బండి పీతలా పక్కవాటంగా నడుస్తుంటే, తిన్నగా పోవడానికి స్టీరింగును వంకరగా పట్టుకోవడం నాకు అలవాటైపోయి, అది నా చేతివాటమే అనుకున్నాను. ముందు రెండు చక్రాలనే చూసిన తమకు ఆ వెనుక సంగతి తెలిసే అవకాశమే లేదు.

న్యాయానికి నా తప్పు కూడా ఒప్పుకోవాలి. తమ కాగితం తీసుకున్న వారానికి ఎడమవైపు కాస్త ఎత్తుగా కనిపిస్తోందని, టోర్షన్ బార్ బోల్టును నేనే ఇంటి దగ్గర మరో చుట్టు తిప్పాను. ఎత్తు మారితే టో మారుతుందని ఇప్పుడు తమకు పాఠం చెబుతున్న నేనే ఆ పని చేశాను. క్యాంబర్ ఒక్కటే అయితే టైరును నిదానంగా తినేది; టో తోడయ్యాక బంతిభోజనం సాగింది.

కనుక నా విన్నపం ఏమనగా: వచ్చే గురువారం బండిని మళ్లీ తెస్తున్నాను. పొడుగు పై చేతులు వేయించాను, సెంటర్ బోల్టు సరిచేయించాను, బాల్ జాయింట్లలో వదులు ఉందేమో చూపించాను, రెండు వందల కిలోమీటర్లు తిప్పి స్ప్రింగులను కుదురుకోనిచ్చాను. వెనుక సగం లోడు ఉంచే తెస్తాను. సామాను లేకుండా ఈ బండి రోడ్డెక్కే రోజులు ఏడాదిలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వెనుక బరువు పడితే ముక్కు లేచి క్యాస్టర్, అంటే చక్రం మలుపు తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం, మారుతుంది. ముందుగా క్యాస్టరూ క్యాంబరూ, ఆఖరున స్టీరింగును తిన్నగా కట్టి టో, ఈ వరుసలో చేయమని కుర్రవాడిని అడుగుతాను. నాలుగు చక్రాలకూ కొలిచే తలలు తగిలించమని అడుగుతాను. తేలని కొలత ఏదైనా ఉంటే తమరు దయచేసి పక్కకు తప్పుకొని ఎర్రరంగు గారికి చోటివ్వగలరు. ఆయన మాట కటువే గాని, ఇంతవరకు నాకు టైర్ల ఖర్చు పెట్టించలేదు.

ఇట్లు,
తమ కాగితానికి డబ్బు కట్టిన,
ఒక షామియానా సప్లయరు.

తా.క.: చచ్చిన టైర్లు రెండూ పారేయలేదు. గచ్చు మీద గుంజలు పాతడానికి వీలుకాని చోట, వాటిలో కాంక్రీటు పోసి గుంజలు నిలబెడుతున్నాను. నిన్న పాతపట్నం పెళ్లిలో గుండు వేలాడదీసి చూశాను. రెండు గుంజలూ నిటారుగానే ఉన్నాయి.