సోఫొమోర్‌లో సీ వస్తే మెడిసిన్ అయిపోయినట్టేనా?

అమెరికాలో పిల్లల్ని ప్రీ-మెడ్ (మెడిసిన్‌లో చేరే ముందు చదివే డిగ్రీ) చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రుల మధ్య ఒక వాట్సాప్ మెసేజ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారతాయి కానీ సారాంశం ఇది: "మొదటి రెండేళ్లలో జీపీఏ 3.5 కిందకి పడితే మెడికల్ కాలేజీలు అప్లికేషన్ తెరిచి కూడా చూడవు. సీ వచ్చిన కోర్సు మళ్ళీ చదివిస్తే పాత గ్రేడు పోతుంది. ఎంక్యాట్‌లో మంచి స్కోరు వస్తే జీపీఏ ఎవరూ పట్టించుకోరు. అదీ కుదరకపోతే మాస్టర్స్ చేయించండి. ఏడాది మాత్రం వృథా చేయకండి, అవసరమైతే కరీబియన్ పంపించండి."

జీపీఏ అంటే 4.0కి లెక్కేసే గ్రేడ్ల సగటు, ఎంక్యాట్ అంటే మెడికల్ ప్రవేశ పరీక్ష, కరీబియన్ అంటే ఆ దీవుల్లోని మెడికల్ కాలేజీలు. ఈ మెసేజ్‌లో సగం అక్కర్లేని భయం, సగం లేనిపోని ధైర్యం. భయపడినవాళ్లు ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఒక్క సీ చూసి పంతొమ్మిదేళ్లకే ఆశ వదిలేసుకుంటున్నారు. ధైర్యం తెచ్చుకున్నవాళ్లు పనికిరాని దారిలో డబ్బు, ఏళ్లు పోసేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా విడిగా చూడాలి.

మొదటిది, 3.5 లేకపోతే తెరవరన్నది. కొత్తగా ఎండీలో, అంటే అక్కడి మొదటి డాక్టర్ డిగ్రీలో, చేరేవాళ్ల సగటు జీపీఏ ఈమధ్య ఏళ్లలో 3.8కి దగ్గరగా, సగటు ఎంక్యాట్ 511, 512 మధ్య ఉంటోంది. సగటు అంటే దానికి కింద కూడా మనుషులు ఉన్నారనే కదా. మనం ఎంసెట్ ర్యాంకు ఒక్కటే సీటు తేల్చే చోట పెరిగాం. ఇప్పుడు అక్కడ నీట్ కూడా అంతే. ఆ కళ్లతో చూసేసరికి సగటు అంకె మనకు కటాఫ్‌లా కనిపిస్తోంది. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ, ఏ జీపీఏకి ఏ ఎంక్యాట్ తోడైతే ఎంతమందికి సీటు వచ్చిందో గళ్ల పట్టికగా వేస్తుంది. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. 3.2, 3.3 ఉన్న వరసల్లోనూ ఏటా వందల మందికి సీట్లు వస్తున్నాయి. అన్నింటికంటే పై గడిలో ఉన్నవాళ్లలోనూ సుమారు ఐదారుగురిలో ఒకరికి ఎక్కడా సీటు రావడం లేదు. తక్కువ జీపీఏతో అవకాశం బాగా తగ్గుతుందన్నది నిజమే, దాన్ని దాచను. కొన్ని కాలేజీలు 3.0 లాంటి కనీస గీత పెట్టుకుంటాయి కూడా. కాబట్టి 2.8 దగ్గర ఉన్న విద్యార్థి మొదటి లక్ష్యం ఆ గీత దాటడం.

ఎండీ కాలేజీలకు దరఖాస్తు ఆమ్‌క్యాస్ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళ్తుంది. అది ఒక్క మొత్తం జీపీఏ ఇచ్చి ఊరుకోదు. ఫ్రెష్‌మన్, సోఫొమోర్, జూనియర్, సీనియర్ ఏళ్లకు, అంటే డిగ్రీలో మొదటి నుంచి నాలుగో ఏడాది దాకా, విడివిడిగా లెక్క చూపిస్తుంది. డిగ్రీ అయ్యాక చదివిన పోస్ట్‌బ్యాక్ కోర్సులకు ఇంకో వరస ఉంటుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి సైన్స్ జీపీఏ వేరేగా వేస్తారు. అంటే దరఖాస్తు చదివే ప్రొఫెసర్‌కు 2.6, 3.0, 3.8, 3.9 అని ఏడాది ఏడాదికీ ఎక్కుతున్న వరస కళ్లెదుటే ఉంటుంది. ఆ వరస సగటు సుమారు 3.3. అదే 3.3 మొత్తం 3.9తో మొదలై 2.7కి దిగిన విద్యార్థిది కూడా కావచ్చు. ఆ ఇద్దర్నీ ఏ అడ్మిషన్ కమిటీ ఒకేలా చూడదు. మెసేజ్ రాసినవాళ్లు వదిలేసింది సరిగ్గా ఈ విషయాన్నే.

అయితే పైకి ఎక్కడానికి లెక్క కావాలి. మొదటి రెండేళ్లలో 60 క్రెడిట్లకు 2.8 ఉందనుకోండి. మిగతా 60 క్రెడిట్లలో 3.9 తెచ్చుకుంటే మొత్తం 3.35 అవుతుంది. అన్నీ ఏలే తెచ్చుకున్నా 3.4 దాటదు. ఈ లెక్క పిల్లలతో కూర్చుని కాగితం మీద వేయండి. "ఇంకొంచెం కష్టపడితే 3.7 అయిపోతుంది" అని వాళ్ల మీద టెన్షన్ పెట్టడం ఆగుతుంది. మొత్తం జీపీఏ నెమ్మదిగా కదులుతుంది. చివరి రెండేళ్ల వరస మాత్రం పూర్తిగా విద్యార్థి చేతిలో ఉంటుంది. కమిటీ ముందు మాట్లాడేది ఆ వరసే.

ఇక "మళ్ళీ చదివితే పాత గ్రేడు పోతుంది" అన్నది. ఇది ఎక్కువమందిని ముంచిన మాట. యూనివర్సిటీ తన ట్రాన్స్‌క్రిప్ట్‌లో పాత గ్రేడును తీసేయొచ్చు. ఆమ్‌క్యాస్ మాత్రం రెండు ప్రయత్నాలనూ లెక్కలో వేస్తుంది. డాక్టర్ డిగ్రీ ఇచ్చే ఇంకో రకం కాలేజీలైన ఆస్టియోపతిక్, అంటే డీఓ కాలేజీల దరఖాస్తులో ఒకప్పుడు కొత్త గ్రేడు పాతదాన్ని తుడిచేసేది. 2017లో ఆ సౌకర్యం ఎత్తేశారు. అప్పటి సలహా ఇప్పటికీ చేతులు మారుతోంది. డీ గానీ ఎఫ్ గానీ వస్తే మళ్ళీ చదవక తప్పదు, ఎందుకంటే చాలా కాలేజీలు తప్పనిసరి కోర్సుల్లో కనీసం సీ అడుగుతాయి. సీ వస్తే అదే కోర్సు మళ్ళీ తీసుకోవడం కన్నా బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ లాంటి పై కోర్సు తీసుకుని ఏ తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న కోర్సుల గ్రేడ్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. చాలా ఇళ్లలో ఈ సంగతి దరఖాస్తు నింపేటప్పుడే బయటపడుతోంది.

పాత గ్రేడ్లు నిజంగా పక్కకి పోయే దారి టెక్సస్‌లో ఒకటి ఉంది. అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అంటారు. ఆ రాష్ట్ర నివాసి అయి ఉండి, అక్కడి ప్రభుత్వ కాలేజీలకు దరఖాస్తు చేస్తే, పదేళ్లు దాటిన క్రెడిట్లన్నీ వదిలేయమని అడగవచ్చు. మంచివి ఉంచి చెడ్డవి తీసేయడం కుదరదు, పోతే అన్నీ పోతాయి. డాలస్, హ్యూస్టన్ వైపు స్థిరపడి, ఐటీ ఉద్యోగం వదిలి ముప్పైల్లో మెడిసిన్ వైపు రావాలనుకునే మనవాళ్లు దీన్ని తప్పక చూసుకోవాలి.

ఎంక్యాట్ అన్నీ కప్పేస్తుందా? 472 నుంచి 528 దాకా ఉండే ఆ స్కోరులో 515 వస్తే తలుపు కొంత తెరుచుకుంటుంది, సందేహం లేదు. కానీ ఎక్కువ ఎంక్యాట్, తక్కువ జీపీఏ కలిస్తే "తెలివి ఉంది, రోజూ కూర్చుని చదివే అలవాటు లేదు" అని కమిటీ అనుకునే ప్రమాదం ఉంది. అందుకని గ్రేడ్లు కుదుటపడ్డాకే పరీక్ష రాయాలి. రాసిన ప్రతి స్కోరూ కాలేజీలకు కనిపిస్తుంది.

మాస్టర్స్ విషయంలో తేడా తెలియక మోసపోతున్నారు. మాస్టర్స్ గ్రేడ్లు డిగ్రీ జీపీఏలో కలవవు, వేరే వరసలో ఉంటాయి. పబ్లిక్ హెల్త్‌లో 3.9 వచ్చినా ఆర్గానిక్‌లో వచ్చిన సీకి అది జవాబు కాదు. పోస్ట్‌బ్యాక్‌లో డిగ్రీ స్థాయి సైన్స్ కోర్సులు చదివితే డిగ్రీ జీపీఏ కదులుతుంది. స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్ అనేది మూడో రకం. జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో లాగా మెడికల్ మొదటి ఏడాది విద్యార్థులు చదివే పాఠాలే వీళ్లూ చదువుతారు. అక్కడ బాగా చేస్తే అంతకు మించిన రుజువు లేదు. అక్కడా బీలు, సీలు వస్తే ఇంకెవరినీ ఒప్పించలేం. అందుకే ముందు ఏం తప్పు జరిగిందో తేల్చుకోవాలి: చదివే పద్ధతా, వారానికి ఇరవై గంటల ఉద్యోగమా, డిప్రెషనా, ఇంట్లో గొడవలా? అది సరికాకుండా చేరితే అప్పు మిగులుతుంది.

కరీబియన్ సలహా గురించి గట్టిగానే చెప్పాలి. 2024 రెసిడెన్సీ మ్యాచ్‌లో, అంటే మెడిసిన్ అయ్యాక ఆస్పత్రి శిక్షణ సీట్ల కేటాయింపులో, అమెరికా ఎండీ సీనియర్లలో 93.5 శాతం మందికి, డీఓ సీనియర్లలో 92.3 శాతం మందికి సీట్లు వచ్చాయి. విదేశాల్లో మెడిసిన్ చదివి వచ్చిన అమెరికా పౌరులకు అది 67 శాతమే. మధ్యలో చదువు ఆగిపోయి మ్యాచ్ దాకా రానివాళ్లు ఈ లెక్కలో లేనే లేరు. అక్కడినుంచి వచ్చి మంచి డాక్టర్లయినవాళ్లు ఉన్నారు, వాళ్లంటే గౌరవం. అయినా డీఓకి దరఖాస్తు కూడా చేయకుండా, "డీఓ అంటే చుట్టాలకు ఏం చెబుతాం" అని పిల్లల్ని దీవులకు పంపడం అన్యాయం. డీఓలు యాభై రాష్ట్రాల్లోనూ పూర్తి హక్కులున్న డాక్టర్లు. 2020 నుంచి ఎండీలకు, వాళ్లకు రెసిడెన్సీ గుర్తింపు వ్యవస్థ కూడా ఒక్కటే. చేరేవాళ్ల సగటు జీపీఏ అక్కడ 3.6 దగ్గర ఉంటుంది.

చివరిది, ఏడాది వృథా అన్న మాట. ఇప్పుడు ఎండీలో చేరుతున్నవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా డిగ్రీ తర్వాత కనీసం ఒక ఏడాది ఆగి వచ్చినవాళ్లే. పైగా జూనియర్ ఇయర్ అవగానే జూన్‌లో దరఖాస్తు పంపితే, సీనియర్ ఇయర్‌లో తెచ్చుకోబోయే మంచి గ్రేడ్లు అందులో ఉండవు. ఆలస్యంగా పుంజుకున్న విద్యార్థికి బలమంతా ఆ ఏడాదిలోనే ఉంటుంది. డిగ్రీ పూర్తయి, చివరి గ్రేడ్లు ట్రాన్స్‌క్రిప్ట్ ఎక్కిన తర్వాతి జూన్‌లో పంపితే అవన్నీ లెక్కకు వస్తాయి, చేరేది మరుసటి ఏడాది ఆగస్టులో. తొందరపడి ముందే పంపి అన్నిచోట్లా కాదనిపించుకుంటే, రెండోసారి దరఖాస్తు చేసేటప్పుడు చాలా కాలేజీలు "పోయినసారికి, ఇప్పటికి ఏం మారింది?" అని అడుగుతాయి.